జరగని సభల నడావళి

ఆ రోజుల్లో తాలూకా ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా అందులో ఒక మాట తప్పకుండా ఉండేది: బడి, తల్లిదండ్రులు, ఊరు, ముగ్గురూ ఒక్కటై నడవాలని. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మా బడిలో ఆ ముగ్గురూ కలిసే చోటు ఒక్కటే, పెద్దమేష్ట్రు బీరువాలోని నడావళి పుస్తకం. తల్లిదండ్రుల సభలో ఎవరేమన్నారో, ఏం తీర్మానించారో రాసే పుస్తకమది. నెలకొక సభ జరగాలి. జరిగేది కాదు. అయినా పుస్తకంలో ఒక్క నెల కూడా ఖాళీ లేదు. ఆ అబద్ధాలన్నీ గుండ్రటి అక్షరాలతో రాసింది నేనే కాబట్టి, ఇప్పుడు చెప్పబోయే కోపంలో నా వాటా నాకు తప్పదు.

కర్ణాటకలోని చింతామణిలో టీచరు ట్రైనింగు ముగించుకుని, గూళూరు అవతలి ఒక చిన్న ఊరి బడికి వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. రోజూ బాగేపల్లి నుంచి బస్సులో పోయేదాన్ని. నలుగురి ముందు నోరు పెగిలేది కాదు. (ఒకసారి కండక్టరును బస్సు ఆపమనడానికి మొహమాటపడి తర్వాతి ఊరిదాకా పోయి, వేరుశనగ చేలల్లోంచి వెనక్కి నడిచి వచ్చాను. ఎవరో అడిగితే నడక ఒంటికి మంచిదన్నాను.) నోటితో అనలేనివన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని. పెద్దమేష్ట్రు మొదటి వారంలోనే నన్ను పట్టేశారు.

"ఏమమ్మా, నీకు మాట రాదు గానీ రాత బాగుండాది. ఈ నెల సభ రాసెయ్."

"సభ ఎప్పుడు జరిగింది సార్?"

"నువ్వు రాస్తే జరిగినట్టే."

రాయడం ఒక ఎత్తు, సంతకాలు ఇంకో ఎత్తు. పుస్తకం చంకలో, ఇంకుప్యాడు చేతిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని. రాగిపిండి చేతులతో, పేడ చేతులతో, కొంగుకు తుడుచుకుని వేలిముద్ర వేసేవాళ్ళు. ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఒక్క పాలక్క తప్ప. రెండు ఆవులు పెట్టుకుని డెయిరీకి పాలు పోసే ఆవిడను ఊరంతా అలాగే పిలిచేది. ఆమె కూతురు మా ఏడో తరగతిలో ఉండేది.

"దేనికి మిస్సూ ఇది?"

"సభకు."

"యాడ? ఎప్పుడు?"

"అయిపోయిందక్కా."

"బాగా జరిగిందా?"

"బాగా జరిగింది."

ఆవిడ నన్నూ, పుస్తకాన్నీ మార్చి మార్చి చూసి, అదోలా నవ్వి, వేలు ముంచింది. ఆ నవ్వుకు ఆ రాత్రి డైరీలో రెండు పేజీలు పట్టింది.

మొదట్లో పొడిపొడిగా రాసేదాన్ని: హాజరైనవారు ఇంతమంది, చర్చించిన విషయాలు ఇవి, చివర వందన సమర్పణ. నాలుగో నెలకు నాలోని పుస్తకాల పురుగు కదిలింది. ఒట్టి అబద్ధం రాయడం కంటే అందమైన అబద్ధం రాయడం మేలనిపించింది. ఊళ్ళో ఇంటింటా తెలుగే, పుస్తకం మాత్రం సర్కారుది కాబట్టి కన్నడంలో ఉండాలి. అందుచేత కన్నడంలో వద్దనడానికి 'బేడ', చాలనడానికి 'సాకు' అనే రెండు మాటలతో జీవితం గడిపేసిన ముసలమ్మలు కూడా నా నడావళిలో లేచి నిలబడి విద్య గురించి గ్రాంథిక కన్నడంలో ఉపన్యాసాలిచ్చారు. ఒకాయన చేత నేను ఉపమానాలు కూడా చెప్పించాను. (ఆయన ఆ నెలంతా బెంగళూరులో కొడుకు దగ్గర ఉన్నాడని తర్వాత తెలిసింది.)

ఇదంతా తమాషాగా ఉన్నా, లోపల ఒక విషయం నన్ను కాల్చేస్తుండేది. బడిలో ఆడపిల్లలకు కొత్త మరుగుదొడ్డి కట్టారు. రంగు వేశారు, తలుపు మీద బొమ్మ గీశారు, తాళం వేశారు. నీళ్ళు లేవు. ఏడో తరగతి ఆడపిల్లలు మధ్యాహ్నం అన్నం తిని ఇళ్ళకు పోయేవాళ్ళు, తిరిగి వచ్చేవాళ్ళు కాదు. పాలక్క కూతురూ అంతే. లెక్కల పాఠం మధ్యాహ్నమే. "సగం పూట బడికి పోయే బదులు ఆవుల కాడ ఉండొచ్చు కదా" అని వాళ్ళ నాయన అంటున్నాడని ఆ పిల్లే నాతో చెప్పింది. ఇంకో నెల అలా సాగితే మానిపించేస్తాడు. బడి గోడ అవతలే ఒక బోరుబావి. ఊళ్ళో ఎండాకాలం కూడా నీళ్ళు పడే బోరు అదొక్కటే కాబట్టి దాని యజమానిని బోరప్ప అనేవారు. బడిలో తల్లిదండ్రుల సమితికి అధ్యక్షుడు కూడా ఆయనే. పెద్దమేష్ట్రును అడిగాను, నీళ్ళ సంగతి ఆయనతో మాట్లాడమని.

"నడావళిలో రాయమ్మా" అన్నారు.

రాశాను. కసికొద్దీ రాశాను. పాలక్క సభలో లేచి, "మాన్య అధ్యక్షులు దయచేసి మా ఆడబిడ్డల కష్టాన్ని గమనించవలెను" అని వినయంగా కోరిందనీ, బోరప్ప కళ్ళు చెమర్చగా, "తల్లీ, ఇకనుంచి నా బోరు నీళ్ళు బడివే" అన్నాడనీ రాశాను. బోరప్ప మోటారుబండి దిగకుండా, ఒక కాలు నేల మీద ఆనించి, చదవకుండా సంతకం గీకి పోయాడు.

నా ఖర్మకొద్దీ తాలూకా నుంచి తనిఖీకి వచ్చిన సారు ఆ పుస్తకం తిరగేశారు. "ఇంత బాగా సభలు జరిగే ఊరు నేను చూడలేదు. ఈ జనాన్ని పిలిపించండి, వాళ్ళ ముందరే చదువుతాను" అన్నారు. పెద్దమేష్ట్రు ముఖం సుద్దముక్కలా అయింది. పిల్లలను ఇళ్ళకు పరుగెత్తించి తల్లులను, బోరప్పనూ రప్పించారు. అలా, నేను చేరాక మొట్టమొదటి అసలు సభ, జరిగిపోయిన సభలను వినడానికి జరిగింది.

సారు కన్నడంలో చదివి తెలుగులో చెబుతుంటే జనం కథ విన్నట్టు విన్నారు. "నేను ఇంత బాగా మాట్లాడినానా?" అని ఒక ముసలమ్మ పక్కావిడను గిల్లింది. "నువ్వు కాదులే, నీ దయ్యం మాట్లాడుంటాది" అంది పక్కావిడ. నేను గోడలో కలిసిపోవడానికి ప్రయత్నిస్తున్నాను. అప్పుడు పుస్తకంలో పాలక్క, బోరప్పల వంతు వచ్చింది.

"నేను ఈ మాట అనలేదు సార్" అని లేచింది పాలక్క.

సారు పుస్తకం మీంచి తలెత్తారు.

"నీళ్ళు లేక నా కూతురు దినామూ ఇంటికొస్తాంటే నేను 'దయచేసి' అంటానా? 'గమనించవలెను' అంటానా? నన్ను పిలిచుంటే కదా ఏమంటానో తెలిసేది! తాళమేసిన దొడ్డికి బొమ్మలెందుకు గీసినారు అని అడిగుంటాను." గిరుక్కున నా వైపు తిరిగింది. "మిస్సూ, నెలనెలా నా గడప కాడికొచ్చి వేలు పట్టుకుంటివే, నోరు తెరిచి ఒక మాట అడిగితే చెప్పకపోదునా? నా నోట్లో నీ మాటలేల పెడితివి?"

బోరప్పకు ప్రాణం లేచివచ్చింది. "అదే సార్, నేనూ ఆ నీళ్ళ మాట అనలేదు."

"నువ్వు ఉండప్పా!" అంది పాలక్క. "నాది వేలిముద్ర. నాకు చదవను రాదు, ఏం రాసినా తెలీదు. నువ్వు ఎస్సెల్సీ పాసయినోడివి కదా. అధ్యక్షుడివి. చదవకుండానే సంతకం పెట్టినావా? చెప్పు, సార్ ముందర చెప్పు."

బోరప్ప నోరు తెరిచి, సారును చూసి, మూశాడు. చదవలేదంటే అధ్యక్ష పదవికి చేటు, చదివానంటే బోరుకు చేటు. చివరికి గొంతు సవరించుకుని, "చదివే పెట్టినాను" అన్నాడు. "అయితే పైపు ఎప్పుడేస్తావు?" అని వెనకనుంచి నలుగురు ఆడవాళ్ళు ఒక్కసారే అడిగారు.

సారుకు అంతా అర్థమైంది. "ఇది రాసిందెవరు?" అన్నారు. పెద్దమేష్ట్రు రెప్ప వేయకుండా నా వైపు వేలు చూపించారు. "ఈ అమ్మే సార్. నాకేం తెలీదు." ఆ వేలిని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ కోపమే లేకపోతే నా నోరు తెరుచుకునేది కాదేమో. "నేనే రాసినాను సార్. సభలు జరగలేదు. పెద్దమేష్ట్రు రాయమన్నారు" అన్నాను. గొంతు కీచుమంది. ముసలమ్మ "ఆ బిడ్డకు నీళ్ళీండి" అంది. నీళ్ళే కదా లేనివి, ఎవరూ ఇవ్వలేదు.

సారు నన్నేమీ అనలేదు. పుస్తకంలో కొత్త పేజీ తీసి నా చేతికిచ్చి, "ఇప్పుడు వాళ్ళు అంటున్నది రాయి" అన్నారు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. అన్నంలో రాళ్ళు, తాళంచెవి ఎవరి దగ్గర, పైపు ఎన్ని గజాలు. కన్నడంలోకి మార్చే వ్యవధి లేక తెలుగులోనే, అన్నది అన్నట్టు రాశాను. ఆ పేజీ చూసి పెద్దమేష్ట్రు వారం రోజులు "సర్కారు బుక్కు పాడుచేసినావు" అని సణిగారు.

పైపు పడింది. కరెంటు ఉన్నప్పుడే నీళ్ళు, అదీ సన్నటి ధార. బోరప్ప ఆ కొళాయి మీద తన పేరు ఎర్రరంగుతో రాయించుకున్నాడు, రాయించుకోనీ అనుకున్నాం. పాలక్క కూతురు మధ్యాహ్నం లెక్కల పాఠానికి కూర్చోవడం మొదలుపెట్టింది. లెక్కలు రాలేదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత ప్రతి సభకూ పాలక్క ముందువరసలో కూర్చునేది. చివర్లో నేను పుస్తకం తెస్తే వెంటనే వేలు ముంచేది కాదు. "ఏం రాసినావో చదువు మిస్సూ" అనేది. చదివితే, "ఇంత మెత్తగా కాదు, నేను గట్టిగా అన్నాను" అనేది. కొట్టేసి గట్టిగా రాసేదాన్ని.

ఇప్పుడు తలుచుకుంటే పెద్దమేష్ట్రు మీద, బోరప్ప మీద కోపం ఇంకా అలాగే ఉంది, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు. కానీ ఎండలో పుస్తకం చంకన పెట్టుకుని పోతున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల కళ్ళ ముందు కనబడితే మాత్రం నవ్వొస్తుంది. ఊళ్ళో వాళ్ళ మాటలు పుట్టించడానికి అంత అవస్థ పడింది గానీ, నెలనెలా నలభై గడపల ముందు నిలబడి, ఏ ఒక్క గడప దగ్గరా "నువ్వేమంటావక్కా?" అని అడగాలని దానికి తోచనే లేదు, పాపం.