లేహ్యం అడిగితే నవ్వారు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, ప్రోస్టేటు గ్రంథిలో కేన్సరని నాకు ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది కానీ మగతనం పోయింది. అది తిరిగొస్తుందా అని డాక్టరును అడగడానికి నోరు రాలేదు.

మా ఎమ్మిగనూరులో దానికి మందు అడిగితే ప్రతి మగ్గం దగ్గరా నవ్వుకుంటారని ఆదోని సంతకు వెళ్లాను. అక్కడ మగతనానికి లేహ్యం అమ్మేవాడిని ఆటపట్టించి, చుట్టూ చేరిన జనాన్ని నవ్వించడం నాకు పాత అలవాటు. ఈసారి మాత్రం నిజమే చెప్పాను.

"అన్నా, నాకే కావాల. ఆపరేషన్ అయినాక సంసారానికి పనికిరాకుండా పోయినాను."

గుంపంతా పగలబడి నవ్వింది. "నీ యేసాలు నాకు తెల్దా అప్పా? పక్కకు జరుగు, కొనేటోళ్లు నిలబడినారు" అన్నాడతను. అలవాటు కొద్దీ నేనూ నవ్వి తప్పుకున్నాను.

ఇంటికి రాగానే నా భార్య, "దొరికిందా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇన్నేళ్లూ జనాన్ని నవ్వించి, నేను ఏడ్చినా నవ్వే జనాన్నే సంపాదించుకున్నాను.