షట్టరు లోపలి పేర్లు

మొన్న బుధవారం పొద్దున నేను తిరుపతిలో క్లాసుకు బయలుదేరుతుంటే చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. "నాయన పోయినాడు సార్" అంది మేస్త్రీ కూతురు. క్లాసు మానేసి బస్సెక్కాను.

మేస్త్రీ ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. చిత్తూరులో ఒక సందులో ఆయన లేత్ షాపు, దాని వెనకే ఇల్లు. మా ఇంజనీరింగు కాలేజీలో మేము కాగితం మీద గీసినవన్నీ ఇనుములో చేసి ఇచ్చేది ఆయనే. చింతపండులో గింజ తీసే మిషను కోసం మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు ఉద్యోగం కొత్త, పొగరు మాత్రం పాతదే. నా డ్రాయింగును ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

"బొమ్మ బాగుండాది సార్. దీన్ని తిప్పే ఆడోళ్ళు యాడ కూసుంటారో అది గీయలేదే?"

నిలబడే తిప్పాలన్నాను. ఆయన వాదించలేదు. చెప్పింది చెప్పినట్టు చేసి, ట్రాలీ ఆటోలో ఎక్కించి, నన్నూ వెంటబెట్టుకొని పలమనేరు తీసుకెళ్ళారు. అక్కడ చింతపండు కొట్టే కూలీల్లో మునెమ్మ అనే ఆవిడ నాలుగు చుట్లు తిప్పి వదిలేసింది.

"నిలబడుకోని సేస్తే నడుమూ పోతాది, మాటా పోతాది సార్. మేము కూసోని మాట్లాడుకుంటా సేసే పని ఇది. ఈ ఇనుముకు పులుపు తగిలితే పండు నల్లబడతాది, అది ఎవురు కొంటారు?"

నా తల కొట్టేసినట్టయింది. మేస్త్రీ మాత్రం జేబులోంచి పాత పెళ్ళిపత్రిక తీసి, దాని వెనక ఆమె చెప్పిందంతా రాసుకున్నారు. తిరిగి వస్తూ, "తిట్టలేదు గదా సార్, సెప్పింది. సెప్పేవోళ్ళు దొరికితే సగం మిషను అయిపోయినట్టే" అన్నారు.

ఏడాది పాటు ఆ మిషను మా ల్యాబుకూ, లేత్ షాపుకూ, పలమనేరు చింతపండు రాశులకూ మధ్య తిరిగింది. పొట్టిదయింది, పీట వచ్చింది, ఇనప రోలర్ల స్థానంలో స్టీలువి వచ్చాయి. మిషనును పరీక్షించిన సర్టిఫికెట్టు లేనిదే దాన్ని కొనే కూలీలకు బ్యాంకు లోను ఇవ్వనంటే, దాని కోసం ఆయన పని మానుకొని నాతోపాటు ఆఫీసుల చుట్టూ తిరిగారు. కొత్త యంత్రం ఒక గొప్ప బుర్రలో పుడుతుందని నేను పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. ఇప్పుడు అలా చెప్పను. అది ఇందరి మధ్య తిరిగి తిరిగి తయారవుతుందని, వీళ్ళలో ఒక్కరు లేకపోయినా ల్యాబు మూలన తుప్పు పడుతుందని నాకు నేర్పింది మేస్త్రీయే.

అయినా పేటెంటు దరఖాస్తులో 'కనిపెట్టినవారు' అన్నచోట నా పేరూ, మా డిపార్టుమెంటు హెడ్డు పేరూ రాశాను. మరిచిపోయి కాదు. లేత్ మేస్త్రీ పేరుంటే కాగితం తేలిపోతుందేమోనని అనుకున్నాను. పటం కట్టించి ల్యాబులో పెట్టిన ఆ కాగితాన్ని ఒకసారి ఆయన కళ్ళజోడు సర్దుకొని చూశారు.

"ఇందులో నా పేరు యాడుండాది సార్?"

నేను పటం మీద లేని దుమ్ము తుడిచాను. "ఊరికే అడిగినాలే" అని నవ్వేసి, అలవాటు ప్రకారం అక్కడున్న మిషను రోలరు మీద బొటనవేలు రాసి నునుపు చూసుకున్నారు. ఈసారి తప్పకుండా రాద్దాం మేస్త్రీ అన్నాను. ఆ ఈసారి ఇక రాదు.

బుధవారం నేను చేరేసరికి షాపు మూసి ఉంది. వెనక ఇంట్లోంచి షాపులోకి వెళ్ళాను. ఆయన్ని లేత్ పక్కనే చాప మీద పడుకోబెట్టారు. షట్టరు దించి ఉండగా దాని లోపలివైపు నేను ఎప్పుడూ చూడలేదు. దానినిండా ఎర్ర పెయింటుతో రాతలు.

"అన్నం తిన్నాక షట్టరు దించుకోని రాస్తా ఉండె సార్" అంది కూతురు.

చింతపండు మిషను అని పైన రాసి ఉంది. కింద, కూసోని తిప్పేది – మునెమ్మ. స్టీలు రోలరు – మునెమ్మ. పీట ఎత్తు – మునెమ్మ చెల్లెలు. పిడికి గుడ్డ చుట్టేది – మా పాప. రోలర్ల సందు – కాలేజీ సారు. రెండుసార్లు వెతికాను. ఆయన పేరు ఎక్కడా లేదు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

బయట పాడె సిద్ధమైంది. కూతురు షట్టరు పైకి నెట్టింది. మునెమ్మ పేరు ముందు చుట్టుకుపోయింది, తర్వాత చెల్లెలు, పాప. అన్నిటికన్నా కిందిది నాది. అది పైకి వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డాను.