ఇనుము మీద చాచా అరచెయ్యి

చాచా పోయాడని గార్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను భూపాలపల్లిలో పైపుల మీద తుప్పు గీకుతున్నాను. చేసింది చాచీ. ఏడవలేదు. "పొద్దుగాల చాయ్ అడిగిండు బేటా. చేసుకొచ్చేసరికి లేడు. పొద్దూకేముందు అసర్ నమాజ్ అయినంక మట్టి. అందుకుంటవా?" అంది.

అందుకుంటానన్నాను. అందుకోలేదు. పరకాల దగ్గర రాస్తారోకో. బస్సులన్నీ నిలబడిపోయాయి. రోడ్డు మీద కూర్చున్నవాళ్లు మనవాళ్లే, వాళ్లు అడిగే తెలంగాణ రాష్ట్రం నేనూ అడిగేదే. ఎవరిని తిట్టాలి? చావుకు పోవాలన్నా అని ఒకాయనను బతిమాలాను. "జర ఓపిక పట్టు తమ్మీ. మనకు చావులు కొత్తనా?" అన్నాడు. నిజమే అన్నాడు, అందుకే ఇంకా మండింది. మర్నాడు గార్ల స్టేషన్‌లో దిగి కబరస్తాన్‌కు పోయేసరికి ఆయన మీద పోసిన మట్టి ఎండిపోయి ఉంది.

చాచా నాకు చుట్టం కాదు. మాది కురవి, ఎవుసం చేసుకునే ఇల్లు. ఆయన గార్లలో పుట్టిన ముస్లిం. సముద్రం ఒడ్డున ఓడలు బాగుచేసే యార్డులో ఒకే కాంట్రాక్టరు కింద నాజిల్ పట్టాం, పక్కపక్కన. అక్కడ తెలంగాణ కూలీలందరికీ ఆయన చాచాయే. ఈ కథలో కూడా ఆయన చాచాగానే ఉంటాడు.

మా పని ఏమిటో చెప్పకపోతే ఈ చావు మీకు అర్థం కాదు. ఓడను నీళ్లలోంచి తీస్తే దాని ఒళ్లంతా తుప్పు, పాత పెయింటు, గుల్లలు. కొత్త పెయింటు పట్టాలంటే అదంతా పోవాలి. గాలిలో ఇసుక కలిపి నాజిల్‌లోంచి కొడితే తుప్పు లేచిపోయి ఇనుము తెల్లగా బయటపడుతుంది. బ్లాస్టింగ్ అంటారు. వాడవలసింది ఏటి ఇసుక కాదు, రాగి కరిగించగా మిగిలిన నల్ల చిట్టెం. అది కాగితం మీద మాట. చిట్టెం అయిపోయిన రోజు కాంట్రాక్టరు ఏటి ఇసుకే దింపేవాడు. ఏటి ఇసుక ఇనుముకు తగిలి పిండవుతుంది. ఆ పిండి కంటికి ఆనదు. ఊపిరితిత్తుల్లోకి పోయి ఇక అక్కడే కాపురం పెడుతుంది. తలను మెడ దాకా కప్పే ముసుగులు, హుడ్‌లు ఇచ్చేవారు, వాటికి మెడ దగ్గర చిరుగులు. లుంగీ గుడ్డలు చుట్టుకునేవాళ్లం.

పని దిగాక చాచా అందరికీ తలా ఒక బెల్లం ముక్క పెట్టేవాడు. "నమలున్రి. దుమ్మును పట్టుకొని కిందికి దించుతది" అనేవాడు. ఎంత నమ్మకంగా అనేవాడంటే, మేము ప్రసాదంలా తినేవాళ్లం. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, తర్వాత పాత పుస్తకాలు కొనుక్కుని చదివి తెలుసుకున్నాను. బెల్లం పోయే దారి వేరు, ఇసుక పోయే దారి వేరు. ఆ రెండూ లోపల ఎక్కడా కలవవు. ఈ ముక్క మాకు చెప్పవలసినవాళ్లు యార్డులో చాలామంది ఉన్నారు. తెల్ల చొక్కాలు వేసుకుని, ముక్కులకు మంచి మాస్కులు పెట్టుకుని తిరిగేవారు.

నేను చేరిన కొత్తలో, తెల్లగా తేలిన ఇనుము మీద ముచ్చటపడి చెయ్యి వేయబోతే మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. "గదేమన్న లేగదూడనా దువ్వనీకి? తియ్ చెయ్యి!"

"ముడితె ఏమైతది చాచా?"

"నీ చెమటల ఉప్పున్నది. పెయింటు కింద ఉప్పుంటే సముద్రం ఊకుంటదా? గుంజుకుంటది. పొక్కు లేస్తది. ఇనుము అబద్ధం ఆడది బేటా, లోపల ఏం పెట్టినవో పైకి కక్కుతది."

సూపర్‌వైజరుకు మా మాటంటే వేళాకోళం. మేము "ఏంది సారు" అంటే చాలు, సినిమాలో రౌడీలాగా మూతి వంకర పెట్టి "ఏందీ సారూ" అని దీర్ఘం తీసేవాడు. ఒకరోజు "మీ భాషకు తుప్పు పట్టిందయ్యా, దానికీ ఒకసారి బ్లాస్టింగ్ కొట్టించుకోండి" అన్నాడు. చాచా హుడ్ ఎత్తి, "తుప్పు ఉంటెనే గద సారు నీకు జీతం. జర ఉండనియ్యి" అన్నాడు. కొడకండ్ల అన్న ఇసుక బస్తా మీద పడి పడి నవ్వాడు. ఆయనా మాతో నాజిల్ పట్టేవాడే, నోరు మహా దురుసు.

అప్పటికే చాచాకు దమ్ము తగ్గింది. నాజిల్ వెనక్కి తంతుంది, ఒళ్లంతా ఆనించి ఆపాలి. ఆయన కొంచెంసేపు ఆపి, కూర్చుని, ఎండలో పడుకున్న కుక్కలా రొప్పేవాడు. "ముసలోడు ఇంక ఎన్నాళ్లు?" అని కాంట్రాక్టరు ఆయన ముందే అనేవాడు. నాజిల్ పట్టలేని రోజు ఇంటికి పంపేస్తారని ఆయనకు తెలుసు.

అలాంటప్పుడు లేజర్ మిషన్ వచ్చింది.

లేజర్ అంటే మాకు కంటి ఆపరేషనే తెలుసు. ఇది బీరువా అంత పెట్టె, దానికో లావు తీగ, తీగ చివర చేత్తో పట్టుకునే తుపాకీ. ఇసుక లేదు, గాలి లేదు. వెలుగు పడిన చోట తుప్పు చిటపటమని పొగై లేస్తుంది, ఆ పొగను పక్కనే ఉన్న గొట్టం పీల్చేసుకుంటుంది. అమ్మడానికి వచ్చిన ఇంజనీరు పాత ఓడల నుంచి కోసిన ఇనుప పలకలు కొన్ని వరసగా పెట్టించాడు. వాటికి పెయింటు పట్టుకునే గరుకు అడుగున ముందే ఉంది, పైన తుప్పు తీస్తే చాలన్నాడు. తీసి, పెయింటు వేసి, జెట్టీ నుంచి సముద్రంలోకి వేలాడదీస్తారు. కొన్ని నెలలు ఆగి పైకి తీసినప్పుడు పెయింటు నిలిస్తే మిషన్ కొంటారు. లేదంటే లేదు.

"చెయ్యి వణకనివాడు ఒకడు కావాలి" అన్నాడు ఇంజనీరు. సూపర్‌వైజరు చాచాను తోశాడు. దయతో కాదు. పనికి రానివాణ్ణి ఇస్తే పని ఆగదు గదా.

ఆ రోజు చాచా మొహం పనిలో ఉండగా మొదటిసారి చూశాను. హుడ్ లేదు, నల్లటి కళ్లద్దాలే. నాజిల్ పట్టే మందపు తోలు చేతి తొడుగు ఆ తుపాకీ మీటలో దూరలేదు, తీసి నడుముకు దోపుకున్నాడు. మీట నొక్కాడు. వెలుగు గీత ముందుకు జరిగినకొద్దీ గోధుమరంగు తుప్పు పోయి, అడుగు నుంచి బూడిదరంగు ఇనుము తేలుతూ వచ్చింది. తుపాకీ తన్నలేదు. దుమ్ము లేదు. చాచా దగ్గలేదు.

"అరే, గిది తంతలేదు! బేటా, చూసినవా, తంతలేదు!" అని అరిచాడు. "గిట్లయితే నేను ఇంక పదేండ్లు చేస్త. అల్లా కసమ్, కూసోని గూడ చేస్త!"

"ఇంక నీ బెల్లం దుకాణం బంద్ చాచా" అన్నాడు కొడకండ్ల అన్న.

చివరి పలక అయిపోయాక చాచా తుపాకీ పక్కన పెట్టాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. ఆ ఇనుమును కాసేపు చూశాడు. ఆ తర్వాత, నాకు మణికట్టు మీద కొట్టిన మనిషే, ఒట్టి అరచేత్తో దాన్ని పైనుంచి కింది దాకా ఒకసారి నిమిరి, మధ్యలో చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. ఇసుక లేదు కాబట్టి ఇది బ్లాస్టింగ్ కాదు, ఆ కట్టుబాటూ దీనికి లేదు అనుకున్నాడో, సంతోషంలో ఏమీ అనుకోలేదో. ఆ వెనకే పెయింటువాళ్లు వచ్చారు. నేను అటువైపు పలకలు మోస్తున్నాను. తిరిగి చూసేసరికి ఎర్ర పెయింటు పడిపోయింది.

పలకలు సముద్రంలో ఉన్నన్ని నెలలూ మాకు మళ్లీ ఇసుకే. చాచా తిట్లు తింటూ, సగం పని చేస్తూ నెట్టుకొచ్చాడు. మధ్యాహ్నం అన్నం తిని జెట్టీ చివరికి పోయి, కిందికి దిగిన తాళ్లను చూసి వచ్చేవాడు. "రాష్ట్రమొస్తే మన కొలువులు మనకే అంటున్రు గద. మనకు సముద్రమే లేదాయె. ఓడల పని ఎవడిస్తడు?" అని అడిగాడొకసారి. మళ్లీ తనే, "మిషన్ రానీ బేటా. ఈడనే ఉందం" అన్నాడు.

పలకలు పైకి తీసిన రోజు అందరినీ పిలిచారు. ఒక్కొక్కటే కడుగుతూ వచ్చారు. నున్నగా ఉన్నాయి, గోరు పెట్టి గీకినా రాలేదు. చివరిది కడిగారు. ఎర్ర పెయింటు మీద పొక్కులు. చెదురుమదురుగా కాదు. అయిదు వేళ్లు, అరచెయ్యి. బోనాలకు గోడ మీద పసుపు చెయ్యి అద్దినట్టు స్పష్టంగా ఉంది.

ఎవరిదని సూపర్‌వైజరు అడిగాడు. మేమైతే చెప్పేవాళ్లం కాదు. చాచా ముందుకు నడిచి తన చెయ్యి దాని మీద పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

"నాదే సారు."

కాంట్రాక్టరు నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మరచిపోను. "మిషన్ మంచిదేనండీ, కానీ మన దగ్గర ఉన్నవి ఈ చేతులు. వీళ్లకి ఇసుకే కరెక్టు" అన్నాడు. మిగతా పలకలు వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్క పొక్కు లేకుండా. వాటి వైపు ఒక్కడూ తల తిప్పలేదు. ఒక జత పల్చటి తొడుగులు ఇస్తే తీరిపోయే తప్పు అది. వాళ్లకు కావలసింది సాకు. ఆ సాకు మా చాచా చేత్తో అచ్చు వేసి ఇచ్చాడు.

"ఇంకొక్క పలక ఇయ్యున్రి సారు. చేతులకు గుడ్డ కట్టుకొని చేస్త" అని బతిమాలాడు.

"గుడ్డలన్నీ సర్దుకుని ఇంటికెళ్లు" అన్నాడు సూపర్‌వైజరు.

మావాళ్లు తక్కువ తిన్నారా? కొడకండ్ల అన్న చాచా ముఖం మీదే అన్నాడు: "నిమిరినంక ముద్దు గూడ పెట్టుకోకపోయినవా? మా అందరి ముక్కులల్ల ఇసుక పోసి పోతున్నవ్." చాచా తల ఊపాడు, అవును అన్నట్టు. ఆ సాయంత్రం ఆయన పెట్టిన బెల్లం చాలామంది తీసుకోలేదు. మిషన్‌ను పెట్టెలో పెట్టి లారీ ఎక్కించారు. మర్నాడు ఏటి ఇసుక దిగింది. కొన్నాళ్లకు నేనూ ఆ పని వదిలేసి భూపాలపల్లి వచ్చాను.

ఇంటికి చేరిన చాచా గార్లలో, మానుకోటలో, ఏ దవాఖానకు పోయినా టీబీ అన్నారు. టీబీ గోలీలే మళ్లీ మళ్లీ మింగించారు. ఏం పని చేసినవయ్యా అని ఒక్క డాక్టరూ అడగలేదు. నేను చూడ్డానికి పోయినప్పుడు దీక్షా శిబిరంలో కూర్చుని ఉన్నాడు, మెడలో గులాబీ కండువా. అందరూ నినాదాలు ఇస్తున్నారు. "అరిచేటంత దమ్ము లేదు. లెక్కకు ఉంటదని కూసున్న" అని నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గై, ఎంతకీ ఆగలేదు.

మొన్న కబరస్తాన్ నుంచి వాళ్లింటికి పోయాను. మట్టి ఇయ్యలేకపోయాను చాచీ, అని ఏడ్చాను. ఆమె నన్ను కసురుకుంది. "ఏడ్వకు. సగం మట్టి ఆ యార్డోళ్లు ముందే పోసి పంపిన్రు. ఊర్లె ఉన్నోళ్లు మిగిలింది పోసిన్రు. నీకేం మిగల్లే."

చాయ్ ఇచ్చి, ఇల్లు ఊడవడం మొదలుపెట్టింది. వాళ్ల కిటికీకి ఒక అద్దం ఎప్పుడో పగిలింది. వాన పడకుండా అందులో చాచా ఎక్స్‌రే ఫిల్ము బిగించింది. ఎండ దానిలోంచి నేల మీద పడుతోంది. పక్కటెముకలు, వాటి మధ్య చల్లిన రవ్వలాగా తెల్లటి చుక్కలు. చాచీ చీపురు ఆ చుక్కల మీదికి వచ్చింది. దుమ్ము అనుకుందేమో, అక్కడ ఇంకొంచెం గట్టిగా ఊడ్చింది.