మైదానంలో మాస్టారు, ఇంట్లో మావయ్య

టోంగా దేశంలోని వవావు దీవిలో ఒక చిన్న ప్రైమరీ స్కూల్లో పిల్లల చేత ఆటలాడించే పని కెలెపి మాస్టారిది. మిగతా టీచర్లు ఫ్యాను కింద లెక్కలు చెప్పుకుంటుంటే ఈయన ఎండలో పిల్లల వెంట పరుగులు తీసేవాడు. గొంతు పెద్దది. ఆయన "లైను" అని అరిస్తే పక్క చర్చిలో పాస్టరు కూడా నిటారుగా నిలబడతాడని పిల్లలు నవ్వుకునేవారు.

ఆ గొంతు ఇంట్లో మాత్రం పనిచేసేది కాదు, ముఖ్యంగా చెల్లెలు లెసియెలి కూతురు ఫూసి ముందు. మేనకోడలు అడిగింది మేనమామ కాదనకూడదు. టోంగా ఆడపిల్లకు అది పుట్టుకతో వచ్చిన హక్కు. పదేళ్ళ ఫూసి ఆ హక్కును బాగానే వాడుకునేది. ఆయన కంచంలో మంచి ముక్క తీసుకునేది, ఆయన కొత్త టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేది.

"మావయ్యా, ఇది నాది."

"నిన్ననే కొనుక్కున్నానే తల్లీ."

"నిన్న నీది. ఇవాళ నాది."

కెలెపి మురిసిపోయేవాడు. అయితే ఒకే ఒక్క షరతు పెట్టాడు. స్కూలు గేటు దాటాక తను మావయ్య కాదు, మాస్టారు. పిల్ల సరేనంది, మాట తప్పలేదు. అక్కడే కొంప మునిగింది.

స్కూళ్ళ మధ్య పరుగు పందేలు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున ఫూసి లైన్లోంచి బయటికి వచ్చింది.

"మాస్టారూ, మోకాళ్ళు నొప్పెడుతున్నాయి. కూర్చోనా?"

పిల్లలంతా చూస్తున్నారు. మేనకోడలని వదిలేశాడంటారేమోనని ఆయన భయం. "ఎదిగే పిల్లలకి నొప్పులు రావా ఏంటి? రెండు చుట్లు తిరుగు, అవే పోతాయి."

మావయ్యా అని ఒక్కసారి పిలిచి ఉంటే కూర్చోబెట్టేవాడే. కానీ పిల్ల "సరే మాస్టారూ" అని పరుగెత్తింది.

తర్వాత జ్వరం, ఆపైన ఆయాసం. గుండె కవాటాలు చెడిపోయాయన్నారు ఆసుపత్రిలో. ముందు గొంతునొప్పి, కీళ్ళనొప్పులు వచ్చే ఉంటాయని, అప్పుడే తీసుకొస్తే ఇంజెక్షన్లతో నయమయ్యేదని డాక్టరు అన్నాడు. ఫూసి దక్కలేదు.

అక్కడి ఆచారంలో, పిల్ల పోయిన ఇంట్లో తల్లి వైపు వాళ్ళది కింది స్థానం. శవం ఉన్న గదిలోకి మేనమామ పోకూడదు. నడుముకు చిరిగిన చాప చుట్టుకుని ఇంటి వెనక వంట చూడాలి. పిల్ల తల దగ్గర కూర్చునేది తండ్రి వైపు మేనత్త కలోలైని. ఆవిడ మాటే మాట. కెలెపి మట్టిపొయ్యి గుంటలో రాళ్ళు సర్దుతూ, కందగడ్డలు ఆకుల్లో చుడుతూ ఏడ్చాడు. చివరిసారి ముఖం చూడలేననే బాధ ఒకటి. చెల్లెలికి ఆ మోకాళ్ళ సంగతి చెప్పాలి, అది దాన్ని మించిన బాధ. కానీ పెద్దయిన అన్నాచెల్లెళ్ళు ఒక గదిలో కూర్చోరు, ఎదురుగా మాట్లాడుకోరు. ఎవరి నోటితో చెప్పించను అని కుమిలిపోయాడు.

మధ్యాహ్నం కలోలైని తనే ఆ పొగలోకి వచ్చింది. అందరూ తలలు దించారు.

"కెలెపీ, మీ చెల్లెలు ఒక మాట అడగమంది. పిల్ల తనకి నొప్పులని నీతో ఎప్పుడైనా చెప్పిందా?"

లేదు అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"చెప్పింది వదినా. మోకాళ్ళ నొప్పులంది. నేను పరుగెత్తించాను."

పంది మాంసం కోసేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆవిడ లోపలికి వెళ్ళింది. ఇక చెల్లెలు తనని గడప తొక్కనివ్వదని, అదే న్యాయమని కెలెపి అనుకున్నాడు. లోపల ఏడుపు ఒక్కసారిగా పెరిగింది.

చాలాసేపటికి కలోలైని తిరిగొచ్చి, తన స్థాయి మనిషి కూర్చోకూడని చోట, బూడిదలో ఆయన పక్కనే చతికిలబడింది.

"ఏమంది వదినా? తిట్టిందా?"

"తిట్టలేదు." ఆవిడ ఆయన ముఖం చూడలేక పొయ్యి వైపు చూసింది. "నువ్వు పరుగెత్తించడానికి ముందురోజు పిల్ల వాళ్ళమ్మకి చెప్పిందట, నొప్పిగా ఉంది, ఆసుపత్రికి పోదామని. ఇలాంటివన్నీ మీ మావయ్యకి తెలుస్తాయి, ఆయన ఎలా చెబితే అలా చెయ్యి అని మీ చెల్లెలే నీ దగ్గరికి పంపిందట."