గ్రాఫ్‌లోకి ఎక్కని సీతారావమ్మ

తిరువూరులో మొట్టమొదటి కంప్యూటర్ దిగింది బస్టాండు ఎదుటి తన జెరాక్స్ కొట్టులోనేనని గిరిబాబు చెబుతాడు. ఆ పూట విజయవాడ బస్సు దాన్ని చూడటానికి అరగంట ఆగిపోయిందట, కండక్టరు విజిల్ వేయడమే మరిచిపోయాడట. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు మానేసిన సంగతి అడిగితే, "నన్ను చూసి లెక్చరర్లు సిగ్గుపడుతున్నారు, పాపం అని నేనే వచ్చేశా" అంటాడు. అవన్నీ ఎలా ఉన్నా, మామిడి రైతుల సంఘం గ్రాఫ్ మాత్రం ఆరేళ్లుగా ఆయన చేతిదే. ఎవరి తోట నుంచి ఎన్ని ట్రాక్టర్ల కాయ వచ్చిందో రంగురంగుల కడ్డీలుగా ఫ్లెక్సీ మీద వేయించి, ఏటా సమావేశంలో కడతారు. కింద మూల 'గ్రాఫ్: గిరిబాబు' అని ఉంటుంది. ఆ రెండు మాటల కోసమే ఆయన ఏడాదంతా బతుకుతాడు.

ఈ ఏడు ఆ మూల వేరే పేరు పడబోతోంది. రోడ్డుకు అవతల అద్దాల తలుపుతో కొత్తగా కంప్యూటర్ సెంటర్ పెట్టిన రుచితకు ఆ పని అప్పగించాడు సంఘం అధ్యక్షుడు దశరథరామయ్య. పేర్లూ అంకెలూ గిరిబాబు అప్పటికే ఎక్కించి ఉంచాడు. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో పెట్టి, తనే రోడ్డు దాటి ఇచ్చి రావలసి వచ్చింది. అప్పటినుంచి ఆ అద్దాల తలుపు తెరుచుకున్న ప్రతిసారీ కడుపులో ఎవరో కారం చల్లినట్టే ఉంది. అందులోకి ఎందరు వెళ్తున్నారో చూస్తూ, తన దగ్గరికొచ్చిన వాళ్ల జెరాక్సులు తలకిందులుగా తీశాడు.

సమావేశం రేపనగా పొద్దున్నే కబురొచ్చింది. రుచిత వేసిన గ్రాఫ్ తప్పట. తొమ్మిది మంది పేర్లున్నాయి, వాళ్ల కడ్డీలు లేవు. గిరిబాబు టీకొట్టు దగ్గరున్న వాళ్లందరికీ టీ ఇప్పించాడు.

"అద్దాల తలుపుంటే సరిపోద్దా? నేనైతే కీబోర్డు ముట్టుకోను. ఒక్కసారి దగ్గితే చాలు, కడ్డీలు లేచి నిలబడతాయ్!"

ఇంతలో దశరథరామయ్య రుచిత సెంటర్‌కు రమ్మని పిలవనే పిలిచాడు. గిరిబాబు పెళ్లికొడుకులా నడిచి వెళ్లాడు. గుమ్మంలో దశరథరామయ్య ఫోన్ మాట్లాడుతున్నాడు. లోపల రుచిత పక్కన రెడ్డిగూడెం సీతారావమ్మ నిలబడి ఉంది. ఆమెది చిన్న తోట, ఏటా ఒక్క ట్రాక్టరు కాయ.

"మళ్లీ నాది లేదు నాయనా," అందామె. "ఆరేళ్లుగా వెతుకుతున్నా. నువ్వేమో ఫ్లెక్సీ ఎండకి సాగితే కనబడుద్దన్నావ్."

"నన్ను మార్చారుగా పెద్దమ్మా, ఇప్పుడేమైంది మరి?" అని గిరిబాబు కుర్చీ లాక్కున్నాడు.

రుచిత స్క్రీన్ అటు తిప్పింది. "డేటా మళ్లీ సెలెక్ట్ చేశా బాబాయ్, గ్రాఫ్ కొత్తగా కూడా వేశా. మారలేదు. ఇప్పుడే కనబడింది, చూడండి. అంకెలన్నీ గడిలో కుడివైపున్నాయి. ఈ తొమ్మిదీ ఎడమవైపున్నాయి. ఇక్కడ 'లాభం' అని ఎందుకుంది?"

"ఎందుకేంటమ్మాయ్? కొలిచేటప్పుడు ఒకటి అంటామా? లాభం, రెండు, మూడు అంటాం. దశరథరామయ్యగారి లెక్కల పుస్తకంలో అలాగే ఉంటది, అలాగే ఎక్కించా."

"అది మనకి తెలుసు. కంప్యూటర్‌కి అవి ఉత్త అక్షరాలు. అక్షరాలుంటే సున్నా కింద తీసుకుంటుంది." ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

గిరిబాబు దగ్గలేదు.

దశరథరామయ్య ఫోన్ జేబులో పెట్టుకుంటూ లోపలికొచ్చాడు. "ఏంట్రా గిరిబాబూ, తప్పెవరిది?"

స్క్రీన్ కింద మూల 'గ్రాఫ్: రుచిత' అని ఉంది. ఈ పిల్లదే అని ఒక్క మాట అంటే చాలు, ఆ మూల మళ్లీ తనదవుతుంది. సీతారావమ్మ ముందుకు వంగి, తన పేరు మీద వేలు పెట్టి, దాని పైన ఏమైనా ఉందేమోనని ఇంకా వెతుకుతోంది.

"నాదేనండి," అన్నాడు గిరిబాబు. "ఆరేళ్ల నుంచీ నాదే."

దశరథరామయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "సరే, దిద్దండి. కానీ ఒకటి అని పడటానికి వీల్లేదు. సంఘం కాగితం మీద ఇంతవరకూ పడలేదు."

రుచిత ఆ తొమ్మిది గడుల్లో 1 కొట్టి, అంకె ఎలా కనబడాలో చెప్పే ఫార్మాట్ తెరిచి ఏదో రాసింది. గడుల్లో 'లాభం' అనే కనబడుతోంది. పైన తొమ్మిది కడ్డీలు లేచాయి. వాటిలో సీతారావమ్మది పసుపు రంగుది, చిటికెన వేలంత.

"నీ చెయ్యి చల్లగుండ తల్లీ!" అని ఆమె రుచిత బుగ్గలు నిమిరింది. తప్పు ఒప్పుకున్నవాణ్ని ఎవరూ నిమరలేదు. కడుపులో కారం మళ్లీ మండింది. గిరిబాబు చరచరా రోడ్డు దాటాడు, తన గుమ్మంలో నిలబడ్డాడు, మళ్లీ వెనక్కొచ్చి అద్దాల తలుపులోంచి తల మాత్రం లోపలికి పెట్టాడు.

"ఆ ఫార్మాట్‌లో ఏం రాశావమ్మాయ్? ఊరికే, సరిగ్గా రాశావో లేదో చూద్దామని."

"కూర్చోండి బాబాయ్," అంది రుచిత నవ్వకుండా.

మర్నాడు టీకొట్టు దగ్గర గిరిబాబు ఆ ఉపాయాన్ని అందరికీ విడమరిచి చెప్పాడు. తను ముప్పై ఏళ్ల కిందటే కనిపెట్టాడట. కంప్యూటర్లే ఇంకా దానికి తయారై రాలేదట.