నాలుక చూపియ్యి

నిన్న మా పాప బడి నుంచి ఖాళీ వాటర్ బాటిల్‌తో వచ్చింది. "నీళ్లన్నీ తాగినవా?" అని మురిసిపోయాను. "లేదు మమ్మీ, మా క్లాస్ మొక్కకు పోసిన" అంది.

చిలకలగూడ బడి దోస్తులారా, మన వేపమొక్క గుర్తుందా? ఇంటికెళ్లే ముందు బాటిల్‌లో మిగిలిన నీళ్లు పారబోయకుండా ఆ మొక్కకు పోయమని సైన్స్ టీచర్ చెప్పింది. మెడలో వేలాడే ఆ బాటిళ్లు, మధ్యాహ్నానికి వేడెక్కి ప్లాస్టిక్ వాసన కొట్టే ఆ నీళ్లు! ఎవరి దగ్గర ఎక్కువ మిగిలితే వాళ్లే గొప్ప. అందుకని మనం అసలు నీళ్లు తాగడమే మానేశాం. ఎండలో ఖోఖో ఆడొచ్చి కూడా మూత తీయలేదు. మొక్క నిగనిగలాడింది. మన క్లాస్ సుజాత మాత్రం పీటీ పీరియడ్‌లో కళ్లు తిరిగి పడిపోయింది.

బడి ఆయమ్మ యాదమ్మ పరుగెత్తుకొచ్చింది. "చెట్టును బతికియ్యనీకి మీరు ఎండిపోతరా? జెర బుద్ధుండాలె!" అని తిడుతూనే కొంగుతో సుజాత మొహం తుడిచింది. మర్నాటి నుంచి నడుం మీద చేతులేసుకుని మొక్క దగ్గర కాపలా నిలబడింది. ఎవరొచ్చినా ఒకటే మాట: "నాలుక చూపియ్యి." తడిగా ఉంటేనే మొక్కకు పోయనిచ్చేది. లేదంటే తన ముందే గటగటా తాగాల్సిందే. ఆ తర్వాత నా బాటిల్‌లో ఏనాడూ మొక్కకు చుక్క మిగల్లేదు.

"నాలుక చూపియ్యి" అన్నాను పాపతో. వింతగా చూస్తూ బయటపెట్టింది. ఎండిపోయి ఉంది.

నీళ్ల గ్లాసు చేతికిచ్చి, దాని అడుగు కనిపించేదాకా నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాను.