వీపుకు కొట్టిన గంధకం

ఆ ఆదివారం పొద్దున ఆళ్లగడ్డ దగ్గర కాలువలో, గట్టు మీద ఉన్నవారు, ఉన్నవి: నడుము లోతు నీళ్లలో అయ్యగారు (మా సంఘంలో పాస్టరును అలాగే అంటాం), గట్టున నలభై మందికి పైగా సంఘస్థులు, ప్లాస్టిక్ కుర్చీలో మా అమ్మ, ఆమెకు గొడుగు పట్టుకొని నాయన, ఫోన్‌తో వీడియో తీస్తూ చిన్నక్క, బాప్తిస్మం కోసం తెల్ల చొక్కాలో నేను, ఆ చొక్కా కింద నా వీపు. పద్దెనిమిదేళ్ల ఆ రోజుల్లో నా దిగులంతా ఆ చివరి దాని గురించే. మనిషి తన వీపును తాను చూసుకోలేడు కాబట్టి, లోకమంతా దాన్నే చూస్తోందనుకుంటాడు.

అప్పుడు నంద్యాలలో డిప్లొమా చదివేవాణ్ణి. హాస్టల్ తొట్టి దగ్గర స్నానం చేస్తుంటే మా గదివాడొకడు, "ఏందప్పా, ఇది వీపా, కంకరేసిన రోడ్డా?" అన్నాడు. వీపును నాలుగు భాగాలు చేసి, ఫోన్‌తో ఫొటోలు తీసి లెక్కపెట్టాను. అరవై మూడు మొటిమలు. ఆ తర్వాత అందరి స్నానాలూ అయ్యాకే తొట్టి దగ్గరికి పోయేవాణ్ణి. తడిసిన తెల్ల చొక్కా ఏదీ దాచదు కాబట్టి బాప్తిస్మాన్ని కూడా రెండుసార్లు తప్పించుకున్నాను (ఒకసారి పరీక్షలు, ఒకసారి లేని జ్వరం). మూడోసారి కుదరలేదు. అమ్మ గుండె ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. "ఆస్పత్రికి పోకముందే నువ్వు నీళ్లలో మునిగేది నా కండ్లతో సూడల్ల నాయనా" అంది.

వారం గడువు. వేపాకు మూడు రోజులు, శనగపిండి రెండు రోజులు. ఫలితం: అరవై ఆరు. శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, అద్దం ముందు మెడ తిప్పుకుంటూ నాయనకు దొరికిపోయాను. ఆయన చాలాసేపు నా వీపు చూశాడు.

"ఎన్ని దినాల నుంచిరా?"

"ఏడాదిన్నర."

"జెప్పల్ల గదరా."

కొట్టంలోకి పోయి మిరప తోటకు కొట్టగా మిగిలిన గంధకం పొడి తెచ్చాడు. "మిరపకు బూడిద తెగులొస్తే ఏం కొడ్తాం? నీ వీపు మిరపచెట్టు కన్నా గొప్పదేంరా?" మొటిమల మందుల్లోనూ గంధకం ఉంటుందని ఫోన్‌లో కనపడింది. నాయన, ఇంటర్నెట్టు ఒకే మాట మీద నిలబడటం అదే మొదలు, అదే చివర. పైరుకు వాడేది, మందులో వాడేది ఒకటి కాదని డిప్లొమా చదివేవాడికి తోచలేదు. లీటరుకు మూడు గ్రాముల చొప్పున నేను లెక్క కడుతుంటే, "ఆకుకైతే సరే, తోలుకు సాలదు" అని ఆయన కొబ్బరినూనెలో పిడికెడు కలిపి, గరుకు అరచేత్తో మెల్లగా పూశాడు. తెల్లారేసరికి వీపు మండిపోతోంది. రుద్ది కడగలేక, పైపైన నాలుగు చెంబులు పోసుకొని చొక్కా వేసుకున్నాను.

అయ్యగారు నన్ను ముంచి లేపారు. నాతో పాటు వాసన లేచింది. ఆయన ముక్కు ఎగబీల్చి, "ఏం పూసినావు నాయనా?" అన్నారు.

"గంధకం, అయ్యగారూ."

నరకం గురించి చెప్పినప్పుడల్లా ఆయన నిప్పుతో పాటు తలచుకునేది దాన్నే. పాపాలు కడుక్కోను దిగి ఆ వాసనతో పైకొచ్చినవాణ్ణి మా సంఘంలో నేనొక్కణ్ణే. గట్టు మీద నుంచి మేనత్త, "వాని పాపాలు ఇంగా కాల్తాండాయి, ఇంగోసారి ముంచండి అయ్యగారూ!" అని అరిచింది. అమ్మ నవ్వింది. ఎద మీద చెయ్యి పెట్టుకొని మరీ నవ్వింది. "నవ్వొద్దే, ఆయాసమొస్తాది" అని నాయన చెబుతూనే ఉన్నాడు.

ఆపరేషన్‌కు పోయిన అమ్మ తిరిగి ఇంటికి రాలేదు.

ఇప్పుడు నంద్యాలలో పంపుసెట్లు బాగు చేసే ఉద్యోగం. మొటిమలు పోయాయి, మచ్చలున్నాయి. నా వీపు ఆ రోజు ఎంతమందికి కనపడిందో తేల్చుకుందామని, ఈ మధ్య చిన్నక్క వీడియోను ఆపి ఆపి చూశాను. ఆ పద్దెనిమిదేళ్లవాణ్ణి చూస్తే నవ్వొచ్చింది. నీళ్లలో నుంచి లేచినప్పటి నుంచీ వీపును అవతలి గట్టుకే తిప్పి నిలబడ్డాడు (అక్కడున్నవి రెండు బర్రెలు). వీపు మా వాళ్ల వైపు తిరిగింది రెండు సెకన్లు. అమ్మ నవ్వింది పద్నాలుగు.